తడ దాటితే సుంకం

చెన్నై వెళ్ళే రైలు సూళ్ళూరుపేట దాటి, తడ స్టేషన్ వెనకపడి, ఆరంబాక్కం బోర్డు కనబడే లోపల ఒక చిన్న సంగతి జరిగేది. బండి వేగం తగ్గేది కాదు. టీటీఈ మళ్ళీ వచ్చి టికెట్ అడిగేవాడు కాదు. పట్టాలు అవే, పెట్టె అదే, ఎదుటి సీటులో మనిషీ ఆయనే. జేబులో ఫోను మాత్రం ఒకసారి మూలిగి, తెర మీద కొత్త పేరు తెచ్చుకునేది. ఆ వెనకే స్వాగతం పలుకుతూ ఒక మెసేజ్. ఆ స్వాగతానికి అర్థమేమిటో తరచూ తిరిగేవాళ్ళకు తెలుసు: ఇక్కణ్ణుంచి చేస్తే ఒక ధర, ఎవరైనా చేస్తే ఎత్తినందుకు ఇంకో ధర. ఆ సరిహద్దు దగ్గరే, పట్టాలకు కాస్త దూరంలో జాతీయ రహదారి మీద, లారీలు చెక్‌పోస్టు ముందు బారులు తీరి ఉండేవి. లారీ డ్రైవరు కాగితాలు పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడేవాడు. రైల్లో కూర్చున్నవాడికి ఆ శ్రమ లేదు. అతని సుంకం కూర్చున్నచోటే వసూలయ్యేది. దాన్ని రోమింగ్ అన్నాం. తిరుగుడు అని అర్థమున్న ఆ మాట వల్ల, తిరిగితే ఖర్చవుతుంది కాబట్టి కడుతున్నాం అనే నమ్మకం జనంలో స్థిరపడిపోయింది. చరిత్ర తిరగేస్తే ఆ నమ్మకం నిలవదు. రైలు ప్రయాణికుడు దాదాపు ఇరవై ఏళ్ళపాటు కట్టింది దూరానికి కాదు, వేగానికి కాదు, యంత్రానికి కూడా అంతగా కాదు. ఒక పటం మీద గీసిన గీతకు కట్టాడు.

కదిలే రైల్లోంచి మాట్లాడటం నిజంగానే ఖరీదైన పని అయిన రోజులూ ఉన్నాయి, వాటిని ముందు చూడాలి. జర్మనీలో 1918లోనే బెర్లిన్–జోసెన్ సైనిక రైలుమార్గంలో ప్రయోగాలు చేశారు. 1926 జనవరిలో బెర్లిన్–హాంబర్గ్ ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో ప్రయాణికులకు టెలిఫోను అందుబాటులోకి వచ్చింది, అదీ మొదటి తరగతి వాళ్ళకు. రైలు మీది ఏరియల్ నుంచి బయల్దేరిన సంకేతం పట్టాల వెంట పరిచిన తంతి తీగలను అందుకుని, ఆ తీగల మీదుగా ఊళ్ళోని టెలిఫోను ఎక్స్ఛేంజీకి చేరాలి. ఒక రైలుకు ఒకటో రెండో సంభాషణలు; కలపడానికి మనుషులు; సరంజామా మోయడానికి పెట్టెలో చోటు. 1930లో కెనడాలో మాంట్రియల్–టొరంటో మధ్య ఇలాంటి ఏర్పాటే చేశారు. జపాన్‌లో 1957లో కింతెత్సు అనే ప్రైవేటు రైల్వే తన ఎక్స్‌ప్రెస్ బళ్ళలో ఫోను పెట్టింది. 1960లో జాతీయ రైల్వే కొదామా బళ్ళలో, 1965లో బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో వచ్చింది. షింకన్‌సెన్‌లో సైతం మొదట్లో ఆపరేటరుకు నంబరు చెప్పుకోవాలి, అన్ని ఊళ్ళకూ దొరికేది కాదు. ఈ ఏర్పాట్లన్నిటిలో ప్రయాణికుడు ఎక్కువే కట్టాడు. ఆ ధర ఎందుకో మాత్రం ఎవరైనా వేలు పెట్టి చూపించగలరు: తీగ, ఏరియల్, మనిషి, కొరతగా ఉన్న చానెల్. వస్తువు అరుదు కాబట్టి ధర పెద్దది. జపాన్ రైళ్ళలో చేతిఫోన్లు పెరిగాక ఆ పెట్టెఫోన్ల అవసరం తీరి, 2021 జూన్ 30తో షింకన్‌సెన్ పబ్లిక్ ఫోన్లు పూర్తిగా ఆగిపోయాయి. దానికి ఎవరి ఆజ్ఞా అక్కర్లేకపోయింది.

అసలు మలుపు అమెరికాలో జరిగింది, అదీ ఒక రైల్లోనే. 1969 జనవరిలో న్యూయార్క్–వాషింగ్టన్ మధ్య మెట్రోలైనర్ రైళ్ళలో బెల్ సంస్థ డబ్బులు తీసుకుని కాల్ చేయించే ఫోన్లు పెట్టింది. దారి పొడవు 225 మైళ్ళు. ఆ దారిని తొమ్మిది మండలాలుగా విడగొట్టి, ఉన్న ఆరు చానెళ్ళనే వాటిలో మళ్ళీ మళ్ళీ వాడుకున్నారు. రైలు ఒక మండలం పొలిమేర దాటి ఇంకోదానిలోకి వెళ్ళగానే, మాట తెగకుండా, మాట్లాడేవాడికి తెలియకుండా, కాల్ పాత చానెల్ నుంచి కొత్తదానికి మారిపోయేది. ఇప్పుడు మనం సెల్ అంటున్న మాటలోని సెల్ అదే. బెల్ ప్రయోగశాలల్లో 1947 నుంచి కాగితం మీద ఉన్న ఆలోచన డబ్బు తీసుకునే సేవగా జనం ముందుకొచ్చిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. రైలు ఎందుకంటే, ఎటు వెళుతుందో ముందే తెలిసిన బండి అది; మండలాలు వరసగా పేర్చవచ్చు. దీన్నిబట్టి ఒకటి గట్టిగా చెప్పొచ్చు. సెల్‌ఫోను పుట్టుకలోనే పొలిమేర దాటడం ఉంది. ఎన్ని గీతలు దాటినా దాటినట్టు తెలియకుండా ఉండటమే దాని ప్రత్యేకత, మిగతా రేడియోల నుంచి దాన్ని వేరుచేసింది ఆ గుణమే. గీత దాటినందుకు అదనపు రుసుము అనే ఆలోచన ఈ యంత్రంలో ఎక్కడా లేదు. దాన్ని బయటినుంచి తెచ్చి తగిలించాల్సి వచ్చింది.

మన దగ్గర రైల్లో ఫోను అనేది చాలాకాలం పెట్టెలో కాదు, ప్లాట్‌ఫారం మీద ఉండేది. ట్రంకు కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కూచునే పద్ధతికి రైలు ప్రయాణికుడు పనికిరాడు. అతని దగ్గరున్నది బండి ఆగిన పది నిమిషాలు. మన దేశంలో నేరుగా నంబరు తిప్పి వేరే ఊరికి మాట్లాడే ఎస్టీడీ 1960లో లక్నో–కాన్పూర్ మధ్య మొదలైనా, అది సామాన్యుడికి చేరింది 1980ల రెండో సగంలో. 1984లో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ ఏర్పడి, దేశవాళీ ఎక్స్ఛేంజీలు ఊళ్ళకు చేరి, పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు వీధివీధికీ వచ్చాయి. వికలాంగులకు, యుద్ధంలో చనిపోయినవారి భార్యలకు బూత్‌ల కేటాయింపులో ప్రాధాన్యం ఉండేది. స్టేషన్లలో ఆ బూత్‌కు రైలు వచ్చినప్పుడు ఒక ముఖం, రైలు లేనప్పుడు ఇంకో ముఖం. విజయవాడలో బండి ఆగగానే టీ కోసం ఒకరు పరిగెడితే ఫోను కోసం ఇంకొకరు. అద్దాల గదిలో రిసీవరు పట్టుకున్నవాడి కళ్ళు రెండు చోట్ల ఉండేవి: ఒకటి ఎర్రటి అంకెలు దొర్లుతున్న మీటరు మీద, రెండోది గార్డు పచ్చజెండా మీద. ఆ మీటరుకు ఒక తర్కం ఉంది. దూరాన్ని అంచెలుగా విభజించారు. యాభై కిలోమీటర్ల లోపు ఒక అంచె, రెండువందల లోపు ఇంకొకటి, అలా వెయ్యి కిలోమీటర్లు దాటినదాకా. దూరం పెరిగేకొద్దీ ఒక పల్స్‌కు వచ్చే సెకన్లు తగ్గేవి, అంకె త్వరగా తిరిగేది. రాత్రి 11 దాటితే పావు ధర. అందుకే ఆ వేళ బూత్‌ల ముందు వరసలు. ఖరీదైనదే, అయినా చదవగలిగిన ధర. తీగ పొడుగు ఎంతో దాన్నిబట్టి డబ్బు, తీగ ఖాళీగా ఉన్న వేళ తక్కువ డబ్బు. నెల్లూరు నుంచి చెన్నైకి చేస్తే మధ్యలో రాష్ట్రం గీత ఉందని మీటరుకు తెలియదు, నెల్లూరు నుంచి శ్రీకాకుళానికి చేస్తే ఒకే రాష్ట్రమనీ తెలియదు. ఈ మాట గుర్తుంచుకోవాలి, వాదమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1994 టెలికాం విధానం తర్వాత ప్రైవేటు కంపెనీలకు లైసెన్సులు ఇచ్చేటప్పుడు ప్రభుత్వం దేశాన్ని ముక్కలు చేసింది. ముందు నాలుగు మహానగరాలు, తర్వాత తపాలా–తంతి శాఖ పాత పరిపాలన సర్కిళ్ళు. వాటికి ఏ, బీ, సీ అని తరగతులు. ఆంధ్రప్రదేశ్ ఏ తరగతి. మన సర్కిల్‌లో మొదటి లైసెన్సులు టాటా సెల్యులార్‌కు, జేటీ మొబైల్స్‌కు దక్కాయి. 1995 జూలై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన కాల్‌తో దేశంలో సెల్‌ఫోను మొదలైందని చెప్పుకుంటాం. ఆ రోజుల్లో చేసిన కాల్‌కు నిమిషానికి 16 రూపాయల దాకా, ఎత్తిన కాల్‌కు 8 రూపాయలు. టవర్లు పట్నాల్లోనే ఉండేవి కాబట్టి రైల్లో ఫోను స్టేషన్ దగ్గర బతికి, ఊరు దాటగానే చచ్చేది. గూడూరులో ఒక మాట, నెల్లూరులో దాని కొనసాగింపు. అప్పటికి దీన్ని ఎవరూ అన్యాయం అనలేదు, అనే అవసరమూ రాలేదు. ఫోను చేతిలో ఉన్నవాడే పెట్టెకు ఒకడు. పటం మాత్రం అప్పుడే గీసేశారు. తపాలా శాఖ ఎప్పుడో ఉత్తరాల సంచులు పంచుకోవడానికి, ఉద్యోగుల జీతాలు చూసుకోవడానికి చేసుకున్న విభజన అది. జనం ప్రయాణాలతో దానికి సంబంధం లేదు.

సంబంధం లేకపోవడం ఎంతటిదో రైలు దారి చెబుతుంది. హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్ళే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ తాండూరు దాటాక కర్ణాటకలోకి వెళుతుంది. వాడి, గుల్బర్గా అయ్యాక సోలాపూర్ దగ్గర మహారాష్ట్ర. చివర్లో ముంబయి మళ్ళీ వేరే సర్కిల్. ఒక రాత్రి ప్రయాణంలో నాలుగు సర్కిళ్ళు. సికింద్రాబాద్–ఢిల్లీ బండి సిర్పూర్ కాగజ్‌నగర్ దాటాక మహారాష్ట్ర, ఆ తర్వాత మధ్యప్రదేశ్, ఝాన్సీ దగ్గర ఉత్తరప్రదేశ్, గ్వాలియర్‌లో మళ్ళీ మధ్యప్రదేశ్, ధోల్‌పూర్ దగ్గర కొద్ది కిలోమీటర్లు రాజస్థాన్, ఆగ్రాలో మళ్ళీ ఉత్తరప్రదేశ్. అదే పెట్టెలో అదే బెర్తు మీద పడుకున్న మనిషి ఫోను ఒక ప్రయాణంలో ఎన్నిసార్లు ఇల్లు మారిందో లెక్కపెట్టుకోవచ్చు. ఇంకా విచిత్రం చెన్నైది. 2005 దాకా చెన్నై ఒక సర్కిల్, మిగతా తమిళనాడు ఇంకొకటి. విజయవాడ నుంచి మధురై వెళ్ళేవాడికి ఒకే రాష్ట్రంలో రెండు గీతలు. పోల్చి చూడటానికి రైల్వే ఉంది. రైలు ఛార్జీని టెలిస్కోపిక్ పద్ధతి అంటారు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ధర తగ్గుతుంది. పదిహేను వందల కిలోమీటర్లు పోయేవాడు కిలోమీటరుకు తక్కువ కడతాడు. ఒకే మనిషి, ఒకే ప్రయాణం: కింద చక్రం దూరం వెళ్ళేవాణ్ణి ఆదరిస్తుంటే, జేబులో ఫోను దూరం వెళ్ళేవాణ్ణి శిక్షించింది.

ధరల సంగతికొస్తే, 2002 నాటి టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) నిబంధనల ప్రకారం రోమింగ్‌కు నెలకు 100 రూపాయల దాకా అద్దె, నిమిషానికి 3 రూపాయల దాకా ఎయిర్‌టైమ్, మీద 15 శాతం సర్‌ఛార్జి ఉండేవి. ఎస్టీడీ ఖర్చు వేరే. 2003లో ఒక పెద్ద మార్పు వచ్చింది: పిలిచినవాడే డబ్బు కట్టాలి, ఎత్తినవాడు కట్టనక్కర్లేదు. దేశంలో సెల్‌ఫోను సామాన్యుడి వస్తువు కావడానికి ఈ సూత్రం వేసిన బాట చాలా పెద్దది. గీత దాటిన వాడికి మాత్రం ఆ సూత్రం వర్తించలేదు. సొంత సర్కిల్‌లో ఉచితమైన ఇన్‌కమింగ్, తడ దాటగానే మళ్ళీ 1995లోకి వెళ్ళిపోయేది. 2007 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ అద్దెను, సర్‌ఛార్జిని తీసేసి గరిష్ఠ ధరలు పెట్టింది: రోమింగ్‌లో లోకల్ కాల్‌కు నిమిషానికి 1 రూపాయి 40 పైసలు, ఎస్టీడీకి 2 రూపాయల 40 పైసలు, వచ్చిన కాల్‌కు 1 రూపాయి 75 పైసలు. ఈ అంకెల పక్కన ఇంకో అంకె పెట్టాలి. అంతకు ఏడాది ముందే, 2006 మార్చి 1న, బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ ఒక పథకం తెచ్చాయి: దేశంలో ఏ మూల నుంచి ఏ మూలకైనా నిమిషానికి రూపాయి. అంటే హైదరాబాద్‌లో కూర్చున్నవాడు ఢిల్లీలోని మనిషితో పదిహేను వందల కిలోమీటర్ల తీగ మీద రూపాయికి మాట్లాడొచ్చు. అదే హైదరాబాద్ మనిషి వాడి స్టేషన్ దగ్గర రైల్లో ఉండి, ఇంటి నుంచి వచ్చిన కాల్ ఎత్తితే 1 రూపాయి 75 పైసల దాకా పడొచ్చు; చేసినవాడు కట్టింది వేరే. దూరమే ధరకు కారణమైతే ఈ రెండు అంకెలు తారుమారుగా ఉండాలి. దూరం చచ్చిపోయింది, గీత బతికే ఉంది.

దీనికి కంపెనీల తరఫున చెప్పగలిగిన బలమైన జవాబు ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. రోమింగ్‌లో ఉన్న నంబరుకు వచ్చిన కాల్ నేరుగా ఆ మనిషి దగ్గరికి పోదు. ముందు అతని సొంత సర్కిల్ ఎక్స్ఛేంజీకి వెళ్ళి, అతనిప్పుడు ఎక్కడున్నాడో వెతికి, అక్కడికి మళ్ళీ దూరపు తీగ మీద వెళుతుంది. నాగపూర్‌లో ఆగిన రైల్లో ఎస్ 4 పెట్టెలోని హైదరాబాద్ ఫోను నుంచి ఎస్ 9లోని హైదరాబాద్ ఫోనుకు చేసిన కాల్ హైదరాబాద్ దాకా వచ్చి తిరిగి నాగపూర్ చేరుతుంది. పక్కింటికి పోవడానికి కాశీ చుట్టి వచ్చినట్టు. ఆ తిరుగుడుకు నిజమైన ఖర్చు ఉంది. అతిథి సర్కిల్ తన టవరు వాడుకోనిచ్చినందుకు సొంత సర్కిల్ నుంచి అడిగే డబ్బూ ఉంది. మొదటి ఏళ్ళలో ఇది చిన్న ఖర్చు కాదు, ఎస్టీడీ ధరలే ఆకాశంలో ఉండేవి. కానీ ఈ వాదం 2002 తర్వాత బలహీనపడుతుంది. జాతీయ దూరవాణిలోకి ప్రైవేటు పోటీ వచ్చి ఆ ఏడాది ఎస్టీడీ ధరలు సగానికి పైగా పడ్డాయి. 2006 నాటికి రూపాయికి వచ్చాయి. తిరుగుడు ఖర్చు కరిగిపోయినా దాని పేరుతో వసూలయ్యే డబ్బు కరగలేదు. టవరు వాడకం సంగతి చూస్తే, తమిళనాడు టవరును తమిళనాడు చందాదారుడూ వాడతాడు. అతనికి ఎత్తిన కాల్ ఉచితం. ఒకే టవరు, ఒకే నిమిషం, రెండు ధరలు. పైగా అతిథి కంపెనీ ఎవరు? భారతి (ఎయిర్‌టెల్) 1999లో జేటీ మొబైల్స్‌ను, 2000లో చెన్నైలోని స్కైసెల్‌ను కొన్నాక, తడకు ఇవతలా అవతలా ఒకే యజమాని. ఎడమ జేబు కుడి జేబుకు అద్దె కడుతున్నట్టు లెక్క రాసుకుని, ఆ అద్దె ప్రయాణికుడి దగ్గర తీసుకున్నారు.

గీతే అసలు కారణమని చెప్పడానికి నాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యంగా కనబడేవి రెండు చోట్లు. ఒకటి సరిహద్దు ఊళ్ళు. ఇచ్ఛాపురంలోనో, హిందూపురం పొలిమేర పల్లెల్లోనో ఇంట్లో మంచం మీద కూర్చున్న మనిషి ఫోను, పక్క రాష్ట్రపు టవరు సంకేతం బలంగా ఉంటే దాన్ని పట్టుకునేది. ఆయన ఎక్కడికీ కదల్లేదు, రైలెక్కలేదు, అయినా రోమింగ్. తిరిగినందుకు కాదు ఈ ధర అని ఇంతకంటే తేటగా చెప్పేదేముంది? రెండోది 2014 జూన్ 2. ఆ రోజు రాష్ట్రం రెండయింది. సికింద్రాబాద్ నుంచి విజయవాడ వచ్చే రైలు మధిర, ఎర్రుపాలెం దాటి నిజమైన రాష్ట్ర సరిహద్దును దాటడం మొదలుపెట్టింది. టెలికాం పటంలో మాత్రం రెండు రాష్ట్రాలూ కలిసి ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌గానే ఉండిపోయాయి. 2015 ఏప్రిల్ నుంచి తెలంగాణలోకి వచ్చే ఆంధ్ర బస్సులకు, లారీలకు ప్రవేశ పన్ను పడింది; పక్కనే పట్టాల మీద పోతున్న ఫోనుకు ఏమీ పడలేదు. రాజ్యాంగం గీసిన గీత ఫోనుకు కనబడదు, తపాలా శాఖ గీసిన పాత గీత కనబడుతుంది. దీనికి ముందు ఇంకా చిన్న గీతలూ గీసి చూశారు. 2001లో అనుమతించిన పరిమిత సంచార ఫోన్లు ఒక చిన్న ఛార్జింగ్ ప్రాంతం, అంటే దాదాపు ఒక తాలూకా, దాటి పనిచేయకూడదు. తాలూకా దాటితే మూగబోయే ఫోనుకు సంచార ఫోను అని పేరు! యంత్రం పని చేయగలదు, చట్టం చేయనివ్వదు. 2003 నవంబరులో ఏకీకృత లైసెన్సుతో ఆ ముచ్చట ముగిసింది. హైదరాబాద్ సంస్థానంలో కరోడ్‌గిరి పేరుతో సరుకుల మీద సరిహద్దు సుంకం వసూలు చేసినప్పుడు కనీసం అక్కడ రెండు ప్రభుత్వాలుండేవి. ఇక్కడ ఒకే దేశం, ఒకే శాఖ ఇచ్చిన లైసెన్సులు.

లైసెన్సు అన్నాక ఇంకో అభ్యంతరం వస్తుంది: కంపెనీలు సర్కిల్ వారీగా వేలంలో డబ్బు పోశాయి, మరి రాబట్టుకోవద్దా? 1995లో కంపెనీలు ఆవేశంగా పాడిన పాటలు నిజంగానే వాటి మెడకు చుట్టుకున్నాయి, బకాయిలు పేరుకున్నాయి. కానీ 1999 కొత్త విధానం ఆ స్థిర రుసుమును తీసేసి ఆదాయంలో వాటాగా మార్చింది. ఆ తర్వాత కూడా పాత భారాన్నే కారణంగా చూపడం కుదరదు. పైగా ఈ అభ్యంతరం నా వాదానికి ఎదురు పోవడం లేదు, దాన్ని ఒప్పుకుంటోంది: ప్రయాణికుడు కట్టింది పటానికే అని. మరొక అభ్యంతరం కొంచెం నైతికమైనది. రైళ్ళలో, విమానాల్లో తిరిగేవాళ్ళు కలిగినవాళ్ళు; వాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుంటేనే ఇంటి పట్టున ఉండే పేదకు లోకల్ కాల్ చవకైంది కదా? 1998లో ఈ మాటకు కొంత అర్థం ఉండి ఉండొచ్చు. 2008 నాటికి లేదు. అప్పటికి జనరల్ పెట్టెలో నిలబడి వెళ్ళేవాడి దగ్గరా ఫోను ఉంది. శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు పడవ పనికి వెళ్ళే జాలరులు, పాలమూరు నుంచి ముంబయి, పుణె దిక్కు మట్టిపనికి పోయే వలస కూలీలు – వీళ్ళే నెలల తరబడి గీతకు అవతల బతికేవాళ్ళు. ఏసీ పెట్టెలోని ఉద్యోగి బిల్లు కంపెనీ కట్టేది. అసలు భారం మోసింది పది రూపాయల రీఛార్జి కార్డు గీకినవాడు.

ఆ మనిషి ఊరుకోలేదు. ఎత్తితే డబ్బు కాబట్టి ఎత్తడం మానేశాడు. మిస్డ్ కాల్‌కు ఒక భాష ఏర్పడింది: ఒకసారి మోగి ఆగితే బండెక్కాను అని, రెండుసార్లయితే దిగాను అని, ఆగకుండా మోగితే మాత్రం ఎవరికో బాగోలేదు, ఎత్తక తప్పదు. దిగిన ఊళ్ళో ఇంకో సిమ్ కొన్నాడు. రెండు సిమ్‌ల ఫోను ఇంత వేగంగా మన దగ్గర పాకడానికి ఈ గీతలూ ఒక కారణం. కానీ కొత్త సిమ్ మీద ఇంటికి చేస్తే ఎస్టీడీ, పాత సిమ్ మీద ఇంటివాళ్ళు చేస్తే రోమింగ్. సుంకం తప్పించుకోవడానికి రాత్రంతా అడ్డదారులు తిరిగిన వర్తకుడికి తెల్లారేసరికి సుంకపు గుడిసె ముందే పొద్దు పొడిచిందట. ఘట్టకుటీ ప్రభాత న్యాయం అని మన పెద్దలు చెప్పింది ఇదే. ఆ ఫోన్లో చెప్పుకోవాల్సినవి కూడా మామూలు మాటలు కావు. సుంకరి ఎదుట సుఖదుఃఖాలా అని సామెత. ఇక్కడ సుఖదుఃఖాలే సరుకు, నిమిషాల చొప్పున తూచి సుంకం వేశారు. ఇష్టం లేకపోతే ఎత్తొద్దు కదా అనేవాళ్ళకు ఒక్క మాట: చేసినవాడికి అవతలి మనిషి గీత దాటాడో లేదో తెలియదు, ఎత్తేవాడికి ఎందుకు చేశారో తెలియదు. తెలుసుకోవాలంటే డబ్బు కట్టాలి. దాన్ని ఎంపిక అనడం కష్టం.

గీత చెరగడం మాత్రం నత్తనడకన మొదలై ఒక్కసారిగా అయిపోయింది. 2012 జాతీయ టెలికాం విధానం ఒకే దేశం, ఉచిత రోమింగ్ అని లక్ష్యం ప్రకటించింది. 2013 జూలై నుంచి ట్రాయ్ ధరలను రూపాయి, రూపాయిన్నర, ముప్పావలాకు దించి, ఉచిత రోమింగ్ కోరేవాళ్ళకు ప్రత్యేక పథకాలు ఉండాలంది. 2015 మే నుంచి వచ్చిన కాల్‌కు 45 పైసలు. ఆ ఏడాది జూన్ 15న బీఎస్ఎన్ఎల్ ఇన్‌కమింగ్ ఉచితం చేసింది. 2016 సెప్టెంబరు 5న వచ్చిన జియో రోమింగ్ అనే మాటనే తన ధరల పట్టికలో లేకుండా చేసింది. మిగతా పెద్ద కంపెనీలు 2017 ఏప్రిల్ నాటికి అదే దారి పట్టాయి. ఇక్కడ ఒకరు అడగొచ్చు: కొత్త 4జీ సాంకేతికత ఖర్చు తగ్గించింది కాబట్టే కదా ఇది జరిగింది? జియో సంగతిలో అది కొంత నిజం. ఎయిర్‌టెల్ సంగతిలో కాదు. 2017 మార్చి 31 రాత్రికీ ఏప్రిల్ 1 తెల్లవారుకీ మధ్య తడ దగ్గర ఏ టవరూ మారలేదు, ఏ ఎక్స్ఛేంజీ మారలేదు, అవే 2జీ, 3జీ పెట్టెలు, అదే తిరుగుడు. మారింది పోటీదారు ఒక్కడే. ఖర్చు వల్ల నిలిచిన ధర పోటీదారు వచ్చిన ఏడు నెలల్లో సున్నాకు రాదు, సుంకమైతే వస్తుంది. కాకతాళీయమే గానీ చెప్పకుండా ఉండలేను: అదే 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు కూడా ఎత్తేశారు. తడ దగ్గర లారీ, ఫోను మూడు నెలల తేడాతో విడుదలయ్యాయి.

ఒక గీత ఇంకా ఉంది. చెన్నై నుంచి విజయవాడ, వరంగల్ మీదుగా కాట్రా వెళ్ళే అండమాన్ ఎక్స్‌ప్రెస్‌లో వైష్ణోదేవి దర్శనానికి పోయే తెలుగువాళ్ళు పఠాన్‌కోట్ దాకా ఇంటితో మాట్లాడుతూనే ఉంటారు. నాగపూర్, భోపాల్, ఢిల్లీ ఏదీ అడ్డురాదు, ఏ స్వాగత సందేశానికీ ధర ఉండదు. పఠాన్‌కోట్ వదిలి కఠువా రాగానే ప్రీపెయిడ్ ఫోన్లు ఆగిపోతాయి. జమ్మూకశ్మీర్‌లో బయటి ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు. భద్రత కారణం చెబుతారు. పోస్టుపెయిడ్ ఉన్న ఒక్కరి ఫోను పెట్టె అంతా తిరుగుతుంది, ఒకరి తర్వాత ఒకరు ఇంటి నంబరు నొక్కి, చేరాం, బాగున్నాం అని చెప్పి తిరిగి ఇచ్చేస్తారు.